మూతలన్నీ వేసే ఉన్నాయి

అమెరికాలో సరస్సు ఒడ్డునున్న డులూత్ ఊళ్ళో, కొండవాలు మీదున్న ఇళ్ళన్నిటికీ కింద ఒక నేలగది ఉంటుంది. కొందరు అందులో పాత సోఫాలు పడేస్తారు, కొందరు పెళ్ళాం మీద అలిగినప్పుడు దిగి కూర్చుంటారు. ఎల్డన్ టోర్‌స్టెడ్ అందులో వడ్రంగం చేసేవాడు. మాకు ఒక స్టూలు చేసిచ్చాడు. దాని మీద కూర్చుంటే మనిషి బరువు ఏ పక్కకి ఎక్కువో వెంటనే తెలిసిపోతుంది. బదులుగా నేను చేసిచ్చిన పక్షిగూటిలోకి ఇంతవరకూ ఒక్క పిట్ట కూడా దూరలేదు కాబట్టి, అతని పనితనం గురించి నేను ఎక్కువ మాట్లాడకూడదు.

స్కూలు బస్సులు రిపేరు చేసి రిటైరయిన మనిషికి బల్లలూ కుర్చీలూ అంత తొందరగా లొంగవు. కానీ గొట్టాలు లొంగుతాయి. నేలగదిలో అతను అమర్చుకున్న పొట్టు లాగే మిషన్‌ని చూడటానికి పక్క వీధుల వాళ్ళు కూడా వచ్చేవారు. ఒక మూల పెద్ద పంకా, దాని కింద గోతాం అంత సంచి, అక్కణ్ణించి గది చుట్టూ తిరిగే రేకు గొట్టం. ఆ గొట్టం నాలుగు మిషన్ల దగ్గరికీ చీలుతుంది. ప్రతి చీలిక దగ్గరా అడ్డంగా జారే మూత. పనిలో ఉన్న మిషన్ మూత ఒక్కటే తెరిచి ఉండాలి. ఇంకోటి తెరిచారా, లాగుడు పడిపోయి పొట్టు దారిలోనే కూలబడుతుంది. దాని మీద ఇంకాస్త పొట్టు. చివరికి గొట్టం పూడిపోయి దుమ్మంతా గదిలోకే ఎగజిమ్ముతుంది. గదిలోంచి మెట్ల మీదికి. మెట్ల పైన ఆర్డిస్.

ఆర్డిస్ అతని భార్య. ఆమె ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. సన్నటి చెక్కదుమ్ము ఇంట్లో తేలిందంటే మనిషి దక్కదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు.

"ఇంకొక్కసారి ఆ దుమ్ము పైకొచ్చిందో, నీ మిషన్లయినా బయటికెళ్ళాలి, నేనయినా మా అక్క దగ్గరికి వెళ్ళాలి," అంది ఆర్డిస్. "ఆలోచించుకుని చెప్పు. తొందరేం లేదు, దగ్గొచ్చేలోపు చెబితే చాలు."

అందుకని ఎల్డన్ గొట్టాల వెంటబడ్డాడు. ఠక్కున తిరిగే వంపులు పీకేసి, నిదానంగా తిరిగేవి పెట్టాడు. లోపలికి పొడుచుకొచ్చిన మరల మొనలకి పొడుగాటి చెక్కపొరలు తగులుకుని గూడు కడతాయని, వాటన్నిటినీ ఆకురాయితో అరగదీశాడు. సంచి సగం నిండితే చాలు, దులిపేసేవాడు. పనయిపోయాక కూడా మిషన్‌ని కాసేపు ఉత్తినే తిప్పేవాడు, గొట్టంలో మిగిలిన నలుసు కూడా పోవాలని. ఆ తర్వాత కర్రసుత్తి తీసుకుని గొట్టం పొడుగునా తట్టేవాడు. ఖాళీగా ఉంటే ఖంగుమంటుంది. పూడితే దబ్బుమంటుంది.

అంతా ఖంగుమనేది. మెట్ల కింద ఒక్క చోట తప్ప.

అక్కడ ఒక పెద్ద ఇనప వంపు ఉంది. ఆ గొట్టాలు అతను కొత్తవి కొనలేదు. టూ హార్బర్స్ అనే ఊళ్ళో ఒక ముసలావిడ మొగుడు పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ వదిలించుకున్నవి. అతను కారెక్కాక ఆవిడ కిటికీ దగ్గరికొచ్చి వంగింది.

"ఆ పెద్ద వంపులో పొట్టు అడ్డు పడుతుంది నాయనా. పడితే పడనీ. మా ఆయన దాన్ని కదిలించకుండానే నెట్టుకొచ్చాడు."

ఎల్డన్ తలూపి నవ్వుకున్నాడు. గొట్టాలు తెలిసినవాడితో అనాల్సిన మాటేనా అది!

మొదటిసారి ఆ వంపు పూడినప్పుడు అతనికి పక్కింటి రోలీ మీద అనుమానం వచ్చింది. రోలీ దగ్గర నేలగది తాళంచెవి ఉంది. అప్పుడప్పుడూ వచ్చి చిత్రిక మిషన్ వాడుకుంటాడు.

"ఒరేయ్ రోలీ, నిన్న వచ్చి మూత తెరిచి వదిలేశావా?"

"మా ఇంటి తలుపే తెరిచి వదిలేస్తాన్రా నేను, నీ మూత ఎంత! కానీ నిన్న పగలంతా గడ్డకట్టిన సరస్సు మీద, చేపలు పట్టే గుడిసెలో కూర్చున్నా. ఒక్క చేప పడలేదు, కావాలంటే వాటినే అడుగు."

ఎల్డన్ వంపు పైపైన గోకి వదిలేశాడు. మళ్ళీ పూడింది. ఈసారి రోలీకి ఎల్డన్ బుర్ర మీద అనుమానం వచ్చింది. ఇక ఆర్డిస్‌కి మొగుడి మీద.

"మధ్యాహ్నం నేను పడుకోగానే మిషన్ వేశావు కదూ?"

"నేను బజారుకెళ్ళానుగా, నీకు చెప్పే వెళ్ళాను."

"మరి కింద గాలి లాగిన చప్పుడు ఎవరిది?"

"రోలీ అయ్యుంటాడు."

"రోలీ కూనిరాగం తియ్యకుండా మేకు కూడా కొట్టలేడు. ఇది నోరు మూసుకుని లాగింది, ఎల్డన్."

ఎల్డన్ తాళం మార్చేశాడు. రోలీకి చెప్పలేదు. రెండో రోజుకి వంపు మళ్ళీ దబ్బుమంది.

జనవరి నెల. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోయింది. పొద్దుటి నుంచీ ఆర్డిస్ పై గదిలో పడుకుని దగ్గుతూనే ఉంది. పొడి దగ్గు, పట్టి పట్టి, చివర్లో చిన్న ఈల. ఆ దగ్గు వింటూ ఎల్డన్ నేలగదిలోకి దిగాడు. ఇవాళ ఆ వంపు సంగతి పూర్తిగా తేల్చేయాలనుకున్నాడు.

మరలు విప్పి వంపు రెండో కొస ఊడదీశాడు. టార్చి వేసి చూశాడు.

మిషన్ల వైపు నుంచి కొట్టుకొచ్చే పొట్టు వంపుకి ఇవతల పేరుకోవాలి. ఇది అవతల పేరుకుంది. పంకా వైపు. గాలికి ఎదురుగా. పేరుకున్నట్టు కూడా లేదు... కుక్కినట్టుంది. చిల్లు పడిన పడవకి పీచు కుక్కుతారే, అలా. వేలితో గట్టిగా అదిమిన గుంటలు, పక్కపక్కనే, వరసగా.

ఎల్డన్ వాడేది ఓక్ చెక్క, మేపుల్ చెక్క. ఈ పొట్టు రెండూ కాదు. తెల్లగా, మెత్తగా, కాస్త చెమ్మగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన ఉన్ని వాసన, దగ్గుమందు వాసన.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు, రోలీని తిడుతున్నట్టే. కానీ గొంతు పైకి లేవలేదు.

కొక్కెంతో లాగి లాగి, చివరి పీచు దాకా తీసేశాడు. అంతా ఒక బక్కెట్‌లో వేశాడు. వంపు లోపల నున్నగా తుడిచి, మళ్ళీ బిగించాడు. సుత్తితో తట్టాడు. ఖంగుమంది. ఆ మాత్రానికే అతని ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

మిషన్ వేశాడు.

ఊ... అని పంకా అందుకుంది. చూద్దామని మూతలు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చాడు. రంపం బల్లది. పట్టీ రంపంది. చిత్రిక మిషన్‌ది. సాన మిషన్‌ది. అన్నీ మూస్తే పంకాకి గాలి అందదు, గొంతు మారి కీచుమనాలి. సంచి సోలిపోవాలి.

గొంతు మారలేదు. సంచి ఉబ్బుతూనే ఉంది.

ఎక్కడో ఇంకో మూత తెరిచే ఉంది.

పల్చటి కాగితం ముక్క చించి అతుకు అతుకు దగ్గరా పట్టి చూశాడు. చిల్లుంటే కాగితం అటు లాక్కుంటుంది. ఎక్కడా కదల్లేదు. మెట్ల కింద వంపు దాకా వచ్చాడు. అక్కడా కదల్లేదు. ఇనుము మీద చెవి ఆనించాడు.

లోపల... దగ్గు.

పొడి దగ్గు. పట్టి పట్టి. చివర్లో చిన్న ఈల.

ఆ దగ్గు వంపు దగ్గర మొదలై గొట్టం వెంట పోయింది. అతని తల మీదుగా... గోడ పక్కగా... పంకా దాకా. సంచి ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు కదిలింది.

"ఎల్డన్... ఆపు."

పరిగెత్తి మిషన్ ఆపాడు. పంకా నెమ్మదిగా చల్లబడింది.

"ఆర్డిస్? ఎక్కడున్నావు?"

"తెలీటం లేదు... చీకటిగా ఉంది... లాగేసింది..."

"పైన లేవూ నువ్వు?"

"మూత వెయ్యి... ఎల్డన్... ముందు దానికి మూత..."

అంతే. సంచి విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. పొట్టు. ఉట్టి పొట్టు. కానీ వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో దుప్పటి కిందనుంచి లేచి వెళ్ళినట్టు.

అప్పుడు తట్టింది అతనికి. పైన దగ్గు వినపడటం లేదు.

మెట్లు రెండేసి ఎక్కాడు.

ఆర్డిస్ వంటింట్లో నిలబడి ఉంది. పొయ్యి మీద బంగాళాదుంపలు వేయిస్తోంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఎన్నో నెలల తర్వాత వెన్ను నిటారుగా ఉంది.

"ఏంటలా చూస్తున్నావు? ఇన్నేళ్ళ తర్వాత కొత్తగా కనబడుతున్నానా?"

"నీ దగ్గు..."

"పోయింది. గుండెల మీంచి బండ తీసేసినట్టుంది. నువ్వు శుభ్రం చేశావుగా."

"ఏం శుభ్రం చేశానో నీకెలా తెలుసు?"

ఆర్డిస్ ఉప్పు చల్లింది. "చప్పుడు మారిందిగా, ఎల్డన్."

అతను ఆమె ఉన్ని కోటు గుండీల వైపే చూస్తూ నిలబడ్డాడు. మనిషి ఊపిరి తీస్తే గుండీలు పైకి లేవాలి. లేచాయో లేదో... కళ్ళజోడు కింద మర్చిపోయి వచ్చాడు. ఒక్కటే ఆలోచన. ఆ పొట్టంతా బక్కెట్‌లోనే ఉంది. తిరిగి తీసుకెళ్ళి, ఎలా ఉన్నది అలా, అవతలి వైపు నుంచి కుక్కేస్తే...

తలుపు దబదబా మోగింది. ఎల్డన్ వెళ్ళి తీశాడు. వాకిట్లో రోలీ, చేతిలో దారానికి గుచ్చిన చేపలు.

"తాళం మార్చావటగా, దొంగని నేనేనా? అయినా చూడు, దొంగే నీకు చేపలు తెచ్చాడు."

"రోలీ, ఒక్కసారి నాతో కిందికి రా. ఏమీ అడక్కు."

"లోపలికి రాను, బూట్లకి మంచుంది. మీ ఆవిడ తిడుతుంది."

"ఏం తిట్టను," అంది ఆర్డిస్ వెనకనుంచి.

ఆమె చేతిలో బక్కెట్ ఉంది. ఆమె నేలగది మెట్లు దిగి ఏడాది దాటింది. ఎల్డన్ తలుపు తీసి నాలుగు మాటలు మాట్లాడేంతలో దిగి, ఎక్కి, వచ్చేసింది. ఆయాసం లేదు.

"ఇదుగో రోలీ, పొట్టు. గుడిసెలో పొయ్యి రాజేసుకో. మొత్తం వాడెయ్యి, మళ్ళీ తేకు."

"వద్దు, రోలీ," అన్నాడు ఎల్డన్. "అది నాకు కావాలి."

"పొట్టు కూడా ఇవ్వడానికి ప్రాణం పోతోందేంట్రా నీకు?" రోలీ నవ్వి బక్కెట్ అందుకున్నాడు. ఎల్డన్ అతని వెంట చలిలోకి రెండడుగులు వేసి చెయ్యి పట్టుకోబోయాడు. రోలీ అప్పటికే బండి స్టార్ట్ చేశాడు. ఎర్ర దీపాలు సరస్సు వైపు దిగిపోయాయి.

ఆర్డిస్ కూడా వాకిట్లోకొచ్చి భర్త పక్కన నిలబడింది. పల్చటి ఉన్ని కోటు తప్ప చలికి ఇంకేమీ వేసుకోలేదు. గాలి లేదు. కొమ్మ కదలటం లేదు. నోరు తెరిస్తే ఊపిరి పొగై నిలబడిపోయేంత చలి.

"ఆర్డిస్," అన్నాడు ఎల్డన్ గుసగుసగా. "నువ్వేనా?"

అతని నోట్లోంచి తెల్లటి ఆవిరి పొగ వచ్చింది. నెమ్మదిగా పైకి లేచింది. ఒక క్షణం ఆగింది.

ఆర్డిస్ జవాబు చెప్పటానికన్నట్టు నోరు కొంచెం తెరిచింది. లోపలి నుంచి ఏ పొగా రాలేదు.

ఎల్డన్ ఆవిరి గాలిలోనే వంగింది... సన్నటి తాడులా సాగింది... ఆమె పెదవుల మధ్యకి, తొందరేమీ లేకుండా, వెళ్ళటం మొదలుపెట్టింది.