గాజుపెట్టెలో గొంతు

పై స్థాయి అందుకోబోయే ముందు గాజుపెట్టెలోని గొంతు గుటక వేసింది. మింగడానికి దానికి ఉమ్మి లేదు, మింగింది చేరడానికి పొట్టా లేదు. అయినా వేసింది. వేసి, చనిపోయి పదకొండేళ్లయిన గాయని కమలవేణి గొంతుతో పల్లవి ఎత్తుకుంది. పట్టపగలు, కృష్ణానగర్‌లోని ఆ రికార్డింగ్ స్టూడియోలో ఉన్న ముగ్గురికీ ఒళ్లు జలదరించింది. అందరికంటే ఎక్కువ వణికింది తాయారు. ఎందుకో మాత్రం పైకి చెప్పలేదు.

తాయారు ట్రాక్ సింగర్. అంటే పెద్ద గాయని తీరిగ్గా వచ్చేలోగా, ట్యూన్ ఎలా ఉంటుందో చూపించడానికి ముందుగా పాడిపెట్టే మనిషి. పెద్దావిడ పాడగానే ఈవిడ పాట చెరిపేస్తారు. ఇరవై రెండేళ్లుగా ఈవిడ పాడుతూనే ఉంది, వాళ్లు చెరిపేస్తూనే ఉన్నారు.

పన్నెండేళ్ల కిందట నిర్మాత పేరిశెట్టి తీసిన 'హార్మోనియం ముఠా' ఊరూరా విరగ ఆడింది. ట్యూన్లు దొంగిలించే నలుగురు తిక్కదొంగల కథ. జనం కడుపుబ్బ నవ్వారు గానీ, సినిమాకి ప్రాణం మాత్రం ఆరు పాటలూ, వాటిలో కమలవేణి గొంతులో పలికిన సన్నటి జీరా. ఇప్పుడు రెండో భాగం మొదలైంది. ఈసారి ముఠా ఏకంగా ఒక గాయని గొంతునే కాజేస్తుంది. పాటలు మళ్లీ కమలవేణి గొంతుతోనే రావాలని పేరిశెట్టి ఈ పెట్టె తెప్పించాడు. దొంగలు తెరమీద చేయబోయే పని తానే ముందు చేసేస్తున్నానని అతనికి తట్టనే లేదు.

"మిమిక్రీ చేసే సాఫ్ట్‌వేర్లు మీ ఫోన్లోనే బోలెడు ఉన్నాయండీ," అన్నాడు డాక్టర్ సాల్మన్, ఆ పెట్టెను తయారుచేసిన సైంటిస్టు. "నా కంఠిక అలాంటిది కాదు. పాట వింటుంది. అలాంటి శబ్దం రావాలంటే గొంతు ఎంత పొడుగుండాలి, నాలుక ఎంత మందముండాలి, స్వరతంత్రులు ఎంత బిగువుండాలి అని లెక్కగట్టి, సిలికాన్‌తో గొంతునే కట్టేస్తుంది. మట్టిలో అడుగు చూసి కాలు ఎలాంటిదో చెప్పినట్టు. కింద నుంచి గాలి ఊదితే పాడుతుంది. కొత్త ట్యూన్ దానికి తెలియదు కనక తాయారు గారు ముందు పాడాలి, అది అందుకుంటుంది."

టార్చి వేసి చూపించాడు. "ఎడమ తంత్రి మీద ఆవగింజంత బుడిపె కనిపిస్తోందా? అది నేను పెట్టింది కాదు. మీరిచ్చిన ఆరు పాటల రికార్డింగులు విని యంత్రమే పెట్టింది. తీసేస్తే జీర పోయి గొంతు పేలవమైపోతోంది. కమలవేణి గారు పోయింది గొంతు జబ్బుతోనే కదా!"

"అబ్బో, ఆవిణ్ణి జబ్బుతో సహా దింపేశారే!" అని మురిసిపోయాడు పేరిశెట్టి.

తాయారు తల వంచుకుంది. ఆ ఆరు పాటలూ పాడింది తనే. అప్పటికే కమలవేణికి మాట కూడా సరిగ్గా రావడం లేదు. ఒకరోజు తాయారు రెండు చేతులూ పట్టుకుని, "ఇవే నా ఆఖరి పాటలు అమ్మాయ్, నా పేరు మీద పోనీ," అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తాయారు జాలిపడి సరేనంది. సంగీత దర్శకుడు గుట్టుగా ట్రాకులనే ఉంచేశాడు. చివరి రోజుల్లో కమలవేణి గొంతుకు కొత్త అందం వచ్చిందని పత్రికలు రాశాయి, అవార్డు కూడా ఇచ్చారు. తర్వాత ఆవిడ పోయింది. పోయినావిడ మీద నోరెత్తడానికి తాయారుకి మనసొప్పలేదు. కానీ ఎక్కడ ఆ పాటలు వినిపించినా లేచి వెళ్లిపోయేది. ఒక్క సినిమాలోనైనా తెరమీద తన పేరు పడాలి. ఆమెకు ఇంకే కోరికా లేదు.

చరణం అయిపోయింది. వాయిద్యాలు ఆగాయి. గొట్టంలో మిగిలిన గాలి మెల్లగా పైకొచ్చింది. పెట్టెలోని గొంతు అణకువగా అడిగింది.

"ఇంకోసారి పాడమంటారా సార్?"

సాల్మన్ గబుక్కున గాలి ఆపేశాడు.

"మీరిచ్చినవి కట్ చేయని రికార్డింగులు," అన్నాడు. "వాటిని మొత్తంగా విన్నది యంత్రమొక్కటే. టేకు చివర ఉన్న మాటలు కూడా నేర్చుకున్నట్టుంది."

పేరిశెట్టి తెల్లముఖం వేశాడు. కమలవేణి జన్మలో ఎవర్నీ సార్ అని ఎరగదు. ఆవిడ వస్తే సంగీత దర్శకులే లేచి నిలబడేవాళ్లు. టేకు అయ్యాక అలా అడిగేది ట్రాక్ సింగర్లే. అతని చూపు మెల్లగా తాయారు వైపు తిరిగింది.

"అది నా గొంతండీ," అంది తాయారు. "ఆ ఆరు పాటలూ నేనే పాడాను." ఆ మాట అనేసరికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పన్నెండేళ్లలో అంత సంతోషం ఆమె ఎరగదు.

"ఎలా దాచుకున్నావమ్మా ఇన్నాళ్లూ!" అన్నాడు పేరిశెట్టి. "ఈసారి నీ పేరే వేస్తాను, పెద్దక్షరాలతో!"

సాల్మన్ మాత్రం నవ్వలేదు. టార్చి ఇంకా ఆ ఆవగింజ మీదే ఉంది.

"తాయారు గారూ, ఈ మధ్య మింగుతుంటే ఏమైనా అడ్డు తగులుతోందా?"

ఆమె చెయ్యి తనంతట తనే మెడ మీదికి పోయింది. "మూడు నెలల నుంచి... దుమ్ము పడక అనుకున్నానండీ."

ఆమె పొద్దున పాడిన ట్రాక్‌ను ఆయన యంత్రానికి ఇచ్చాడు. పాత గొంతు కరిగి పొరలు పొరలుగా కొత్తది లేచింది. ఆవగింజ ఉన్నచోట శనగగింజ ఉంది. తన లోపలిది గాజు వెనక అలా తడిగా మెరుస్తుంటే తాయారు కళ్లార్పకుండా చూసింది.

"ఆసుపత్రికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను," అన్నాడు సాల్మన్.

"చెయ్యండి, చెయ్యండి," అన్నాడు పేరిశెట్టి. తర్వాత గొంతు తగ్గించి, "పెట్టెలో మాత్రం ఆ పాత గింజే ఉంచండి డాక్టర్. జీరంతా దాన్లోనే ఉంది," అన్నాడు.

తాయారు విననే విన్నది. "పెట్టెలోది మీరుంచుకోండి సార్. నాలోది తీయించుకుంటాను. పేరు మాత్రం నాదే వేయండి."

సమయానికి వచ్చారు, ఇంకో ఏడాది ఆగితే చేయగలిగిందేమీ ఉండేది కాదు అన్నారు ఆసుపత్రిలో. ప్రాణం దక్కింది. నెల తర్వాత మాట వచ్చింది గానీ, అది సన్నగా, నున్నగా, జీర లేకుండా వచ్చింది. ఆ గొంతుతో ఎవరో పరాయి మనిషి తన నోట్లోంచి మాట్లాడుతున్నట్టు చాలా రోజులు ఉలిక్కిపడింది. రెండో భాగం పాటలన్నీ గాజుపెట్టే పాడింది.

పేరిశెట్టి మాట తప్పలేదు. మొదటి రోజు మార్నింగ్ షోలో, తెర నిండుగా, 'గానం: మంగతాయారు' అని ఆమె పూర్తి పేరు పడింది. చీకట్లో ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. పాట మొదలవగానే హాలంతా ఈలలు. పక్క సీటావిడ కళ్లొత్తుకుంటూ, "ఏం గొంతండీ ఈవిడది, ప్రాణం లాగేస్తోంది!" అంది.

తాయారు ఆగలేకపోయింది. "ఆ పాడింది నేనేనండీ," అంది.

ఆ సన్నటి గొంతు విని ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత పగలబడి నవ్వి భర్తను పొడిచింది. "విన్నారా? ఈవిడ కూడా ముఠాలో మనిషేనట!"

వరుసంతా నవ్వింది. తాయారు పాడి చూపిద్దామని నోరు తెరిచి, మూసేసుకుంది.