ఒక్క నోట్లో నాలుగు గుంపులు

ఉదయం పది దాటి పది నిమిషాలకు, మంగలి షాపు కుర్చీలో కూర్చున్న మనిషి మొహం మీద సబ్బు నురగ ఆరకముందే చచ్చిపోయాడు. మెడ వెనక సూదిమొనంత గాటు, అంతే. ఒళ్లో పేపరు కూడా జారలేదు. పక్క కుర్చీవాడు అతనికి కునుకు పట్టిందనుకున్నాడు.

చచ్చినవాడు డిపార్ట్‌మెంట్ ఇన్‌ఫార్మర్. ఎడమ బూటు మడమలో వేలెడంత మైక్రోఫిల్మ్ దొరికింది. అందులో ఉన్నవి ఆయుధాల నక్షాలు కావు. కుర్రకారు వాడే నలభై రెండు మాటలు.

పదకొండున్నరకల్లా ఏజెంట్ డేగ చీఫ్ గదిలో నిలబడి ఉన్నాడు. చీఫ్ కూర్చోమనలేదు. ఆయన ఎవర్నీ అనడు.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది. శత్రుదేశం నుంచి పారిపోయి వచ్చిన కోడ్ సైంటిస్ట్ ఒకాయన ఏడాదిగా ఇక్కడ మారుపేరుతో బతుకుతున్నాడు. వయసు అరవై రెండు. వీడియో గేములంటే ప్రాణం. గేమర్లు ఆయన్ని 'తాత' అంటారు. ఈ సాయంత్రం నాలుగింటికి టోర్నమెంట్ ఫైనల్లో ఆడుతున్నాడు. శత్రువుల గూఢచారి రింగ్ ఆయన్ని ఆ హాల్లోనే లేపేయబోతోంది. గేమర్ల మధ్య గేమర్‌లా కలిసిపోవడానికి హంతకుడు ఈ నలభై రెండు మాటలూ బట్టీ పట్టాడు.

"ఫైనల్ ఆపేద్దాం," అన్నాడు డేగ.

"ఆపితే వాడు మాయమై వచ్చే నెల ఇంకోచోట తేలతాడు. నాకు వాడు కావాలి."

"మొహం తెలుసా?"

"మైనాకి తెలుసు."

సోఫాలో మైనా కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. ముత్యం రంగు సూటు, దానికి తగ్గ నవ్వు. రింగ్‌లో ఉంటూ వాళ్ల గుట్టు మనకు చేరవేసే డబుల్ ఏజెంట్. హంతకుడు మ్యాచ్ కామెంటేటరేనని ఆమె తాపీగా చెప్పింది. చీఫ్ అప్పటికే అతని మీద ఇద్దరు షూటర్లను పెట్టాడు.

మైనా నవ్వుని డేగ ఏనాడూ నమ్మలేదు. కానీ జాబితాలో ఒక్క ముక్కా అతనికి కొరుకుడు పడలేదు. విడమరిచి చెప్పగలిగేది ఒక్కతే. అక్క కూతురు. తాత టీమ్‌లోనే ఆడుతుంది. మూడేళ్ల కిందట దేశరహస్యాలు అమ్ముతున్న బావని డేగ తన చేత్తోనే అరెస్టు చేశాడు. ఆ పిల్ల అతని మొహం చూడటం అప్పుడే మానేసింది.

ప్రాక్టీస్ రూమ్‌లో ఆమె స్క్రీన్ మీంచి కళ్లు తిప్పలేదు. "ఈసారి ఎవర్ని పట్టుకుపోదామని వచ్చారు సార్?"

మామయ్యా అని ఉండాల్సిన చోట 'సార్' సూటిగా గుచ్చుకుంది. తాత ప్రాణం మీదికొచ్చిందని డేగ ఉన్నదున్నట్టు చెప్పాడు. మౌస్ ఆగింది. ఆమె చెయ్యి చాచి జాబితా లాక్కుంది.

"మీకోసం కాదు. తాతకోసం."

ఆమె సగం చదివి ఎగతాళిగా నవ్వింది. ఇది ఒక గుంపు భాష కాదంది. చాలామంది కలిసి ఒక్కణ్ని చుట్టుముట్టడం 'గాంక్', ఓడిపోయే ఆటని చివరి క్షణంలో ఒక్కరే గెలిపించడం 'క్లచ్'. అవి గేమర్లవి. 'స్టోక్డ్' అని ఉబ్బితబ్బిబ్బయ్యేది స్కేట్‌బోర్డు వాళ్లు. మనసుపడ్డ గాయకుణ్ని 'బయస్' అనేది పాప్ బ్యాండ్ల అభిమానులు. అదరగొట్టెయ్ అనడానికి వాడే 'స్లే' మేకప్ పిల్లలది. ఏ గుంపు మాట ఆ గుంపుకి యూనిఫాం లాంటిది. రాసినవాళ్లు అన్నిటినీ ఒకే గోనెసంచిలో కుక్కారు.

"ఇవన్నీ కలిపి వాడితే?"

"పోలీసు టోపీ, డాక్టర్ కోటు, వంటవాడి ఏప్రన్ ఒకేసారి వేసుకుని వచ్చినట్టు."

"కామెంటేటర్ సంగతి?"

"ఆయనవన్నీ చచ్చిన మాటలు. మీ వయసువాళ్ల నోట పడ్డరోజే మాకు ఆ మాట చచ్చిపోతుంది. కానీ ఒక్కటి కూడా బయటిది కాదు. ముసలి గేమర్, అంతే."

డేగ ఆమె కాలర్‌కి గుండీలాంటి మైకు తగిలించాడు. ఆమె అతని చెయ్యి తగలకుండా మెడ పక్కకు తిప్పుకుంది.

మూడూ యాభై ఐదుకి హాలు నాలుగు వేలమందితో హోరెత్తుతోంది. డేగ ఖాకీ బట్టలతో, నడుముకి స్క్రూడ్రైవర్లతో మెయిన్ బోర్డు దగ్గర ఎలక్ట్రీషియన్‌గా నిలబడ్డాడు. ఎడమ చెవిలో చీఫ్, కుడి చెవిలో మేనకోడలు. స్టేజీ మీద గాజుగది. అందులో ఐదుగురు ఆటగాళ్లు, మధ్యలో నెరిసిన గడ్డంతో తాత.

హెడ్‌సెట్ టెక్నీషియన్ గదిలోకి వచ్చాడు. మెడలో పాస్, మొహాన చనువు. తాత చెవులకు హెడ్‌సెట్ సర్దుతూ అతనన్నది గుండీ మైకులోంచి స్పష్టంగా వినిపించింది.

"నువ్వే నా బయస్ తాతా. నేనైతే ఫుల్ స్టోక్డ్. వాళ్లని గాంక్ చేసెయ్. స్లే."

గడగడా అప్పజెప్పి బయటికి నడిచాడు. తెర మీద అంకెలు మొదలయ్యాయి. పది. తొమ్మిది.

కుడి చెవిలో మేనకోడలి గొంతు. "సార్. వీడే."

డేగ చెయ్యి మెయిన్ స్విచ్ మీద పడింది.

"స్విచ్ ముట్టుకోకు," ఎడమ చెవిలో చీఫ్ గొంతు. "కామెంటేటర్ కదల్లేదు. మైనా నా పక్కనే ఉంది, టెక్నీషియన్ మనవాడే అంటోంది. నీ మీద పగబట్టిన పిల్ల మాట విని లైవ్ ఆపావో, నీ ఉద్యోగం ఊడుతుంది."

ఐదు. నాలుగు. తనని మూడేళ్లుగా అసహ్యించుకుంటున్న పిల్ల. తనకు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పని పిల్ల.

రెండు.

డేగ స్విచ్ కిందికి లాగాడు.

హాలు చీకటి గుయ్యారమైపోయింది. నాలుగు వేల గొంతులు బూతులందుకున్నాయి. డేగ టార్చి వెలుగులో గాజుగదికి పరిగెత్తి తాత తల మీంచి హెడ్‌సెట్ ఊడబెరికాడు. చెవి మెత్తలో వెంట్రుకంత సూది, దాని వెనక స్ప్రింగు. ఆట మొదలై కరెంటు అందగానే విడుదలయ్యే ఏర్పాటు. ఇంకొక్క అంకె మిగిలి ఉంది.

టెక్నీషియన్ స్టేజీ మెట్ల దగ్గర బోర్లా పడి ఉన్నాడు. మేనకోడలు రెండు ముక్కలైన కీబోర్డుతో అతని వీపు మీద కూర్చుంది.

మైనా వెనక గేటు దాకా వెళ్లగలిగింది. సంకెళ్లు పడ్డాక కూడా ఆమె నవ్వు చెరగలేదు. బాధల్లా జాబితా గురించే. "అది నేనే రాశాను. స్కేట్ పార్కు, మేకప్ క్లాసు, కన్సర్ట్ క్యూ, గేమింగ్ కేఫ్... ఆరు నెలలు తిరిగి పోగేశాను. ఒక్క మాటా తప్పు లేదు."

"లేదు," అన్నాడు డేగ. "కానీ ఆ నాలుగు గుంపులవాళ్లూ ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోరు. అది మాత్రం నువ్వు ఎవర్నీ అడగలేదు."

గంట తర్వాత, తాత పట్టుబట్టడంతో ఫైనల్ మళ్లీ జరిగింది. గెలిచారు. డేగ గాజుగది తలుపు దగ్గర తటపటాయించాడు. మేనకోడలు వైర్లు చుట్టుకుంటోంది. ఆమె తండ్రి ఇంకా జైల్లోనే ఉన్నాడు. ఆ సంగతి ఇద్దరి మధ్యా అలాగే ఉంది.

"భలే క్లచ్ చేశావు," అన్నాడు చివరికి.

ఆమె చేతులు ఆగిపోయాయి. మూడేళ్ల తర్వాత మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"మంచి మాట. చంపేశావు కదా మామయ్యా."

ఆ రోజు ఆ హాల్లో జరిగిన హత్య అదొక్కటే.