వంతెన దగ్గర చేతులెత్తే మనిషి

సుంగై కెలంబు పేట చివరి సందు అంటే చాలు, డెలివరీ రైడర్లు బండి వెనక్కి తిప్పేస్తారు. పగలైతే ఎవరికీ ఏ భయమూ లేదు. చీకటి పడిందా... ఆ పాడుబడ్డ చెక్క ఇంటి పక్కన, కాలవ మీది వంతెన మొదట్లో ఆవిడ నిలబడుతుంది. తల నుంచి పాదాల దాకా తెల్లబట్ట. పిలవదు, అరవదు. రెండు చేతులూ పైకెత్తుతుంది — అంతే. ఒకసారి చూసినవాడు రాత్రిపూట మళ్ళీ ఆ సందు తొక్కడు.

ఆ పేట ఎక్కడో మన పక్కనుందనుకునేరు. ఇండోనేషియాలో, బంజర్‌మాసిన్ అనే నగరంలో ఉంది. వీధుల కంటే కాలవలెక్కువ ఆ ఊళ్ళో. ఇళ్ళన్నీ నీళ్ళలో గుంజలు పాతి కట్టినవే. ఈ కథ నడిచిందేమో కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో, ఏసీ ఆఫీసులో. ఆ పేటలో అర్ధరాత్రి అయితే ఇక్కడ పొద్దుటి కాఫీ వేళ. దెయ్యాన్ని పట్టపగలు చూడాల్సొచ్చిన దౌర్భాగ్యుడి పేరు ఫణి.

ఫుడ్ డెలివరీ యాప్ కంపెనీలో ఫణి పని, పేటలకి ప్రొఫైల్ రాయడం. ఏ సందులో బండి దూరుతుంది, ఏ వంతెన దాటొచ్చు, ఏ గేటు రాత్రి మూస్తారు — ఫోటోలు చూసి, రైడర్ల మెసేజీలు చదివి రాయాలి. సుంగై కెలంబులో ఏ ఇంటికి ఏ రంగు తలుపుందో కూడా చెప్పేస్తాడు మహానుభావుడు. కాలు మాత్రం ఎన్నడూ పెట్టలేదు. స్క్రీన్ ఉండగా కాలెందుకు!

ఆ పేట స్క్రీన్ మీద ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. రాత్రి ఆర్డర్లన్నీ లేటు. రైడర్లు ఆ వంతెన మానేసి ఊరంతా చుట్టి వచ్చేవాళ్ళు. ఎందుకయ్యా అంటే ఒకటే జవాబు. దెయ్యం.

"ఫణీ, నీ పేట ఇంకా రెడ్‌లోనే ఉంది," అంది మేనేజర్ వసుమతి. "ఈ క్వార్టర్ కూడా ఇలాగే క్లోజ్ అయితే నిన్ను నేను సేవ్ చేయలేను. సారీ, ముందే చెప్తున్నా."

సారీ అంటే సరిపోతుందా! ఉద్యోగం పోతే వీసా పోతుంది. వీసాతోపాటు ఇన్సూరెన్సూ పోతుంది. ఇంట్లో భార్య స్మృతి నిండు నెలల మనిషి. ఆ రాత్రి ఫణికి అన్నం సహించలేదు.

మర్నాడు బంజర్‌మాసిన్ ఆఫీసుకి మెసేజ్ పెట్టి వంతెన ఫోటో తెప్పించుకున్నాడు. మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటో. చెక్కలన్నీ గట్టిగా ఉన్నాయి, కింద ఎక్కడో లోతుగా కాలవ. ఇంకేం కావాలి? ప్రొఫైల్‌లో రాసేశాడు: దారి క్లియర్, రాత్రీ పగలూ. రాత్రి ఫోటో కూడా అడగాలన్న ఆలోచన ఆ బుర్రకి తట్టలేదు. పైగా ఇంకో రూల్ కూడా పెట్టాడు. ఎవడైనా వంతెన వదిలి చుట్టు తిరిగితే ఆ ఆలస్యం వాడి ఖాతాలోనే పడుతుంది, పేటకి అంటదు. వాడికి ఆ రాత్రి ఇంక ఆర్డర్లుండవు.

"దెయ్యాలకి మందు నా దగ్గరుంది," అని నవ్వుకున్నాడు కూడా.

రూల్ అమలైన రోజు పొద్దున్న కాఫీ కప్పుతో స్క్రీన్ ముందు కూర్చున్నాడు. మ్యాప్‌లో ఒక రైడర్ చుక్క మెల్లగా సందులోకి వచ్చింది... పాడుబడ్డ ఇంటి దగ్గర ఆగింది. రైడర్ పేరు రహ్మత్. చాట్‌లో మెసేజ్ వచ్చింది.

"సార్... ఆవిడ ఉంది."

"ఎవరూ లేరు. దారి క్లియర్."

"చేతులెత్తింది సార్. నా వైపే చూస్తోంది..."

"అటు చూడకు. ఆపకుండా పోనీ."

చుక్క కదల్లేదు. ఫణికి ఒళ్ళు మండింది. "వెనక్కి తిరిగావో, ఈ రాత్రికి నీకు ఇంక ఆర్డర్లుండవు," అని టైప్ కొట్టాడు.

చుక్క కదిలింది. వేగంగా... ఇంకా వేగంగా... వంతెన ఎక్కింది. సగం దాటింది.

ఆగిపోయింది.

"రహ్మత్?" అని కొట్టాడు ఫణి. "రహ్మత్, దాటావా?"

 కాసేపటికి స్క్రీన్ మీంచి చుక్క మాయమైంది.

రెండో రోజు బంజర్‌మాసిన్ ఆఫీసు నుంచి ఫణి ఒక్కడికే మెసేజ్ వచ్చింది. 

ఈ వానాకాలమంతా అక్కడ రాత్రిపూట సముద్రం పోటు. కాలవ పొంగి వంతెన మీదికి నీళ్ళొస్తాయి. కమ్మీలు లేని వంతెన, ఎక్కడ చెక్కో ఎక్కడ నీళ్ళో తెలీదు. తెల్లారేసరికి నీళ్ళు దిగిపోయి అంతా మామూలే. ఇక ఆ ఇల్లు ఖాళీ ఇల్లు కాదు. వెనక గదిలో ఒక ముసలమ్మ ఉంటుంది. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. రాత్రి నమాజు చేసుకుని, ఆ ప్రార్థన బట్టలతోనే బయటికొచ్చి, వచ్చే బళ్ళని ఆపుతుంది. అరవలేదు కాబట్టి చేతులెత్తుతుంది. మునిగిపోతున్న రహ్మత్ కోసం నడుం లోతు నీళ్ళలోకి దిగిందట పాపం. అందలేదట.

"దయచేసి రాత్రిళ్ళు ఈ దారి మూసేయండి సార్. మూసే బటన్ మీ దగ్గరే ఉంది."

బటన్ ఉంది. నొక్కితే మాత్రం కారణం రాయాలి. కారణం రాస్తే, క్లియర్ అని రాసిందెవరని వసుమతి అడుగుతుంది. ఆ తర్వాత ఉద్యోగమూ లేదు, వీసా లేదు. ఫణి చాలాసేపు తల పట్టుకు కూర్చున్నాడు. ఏడుపు కూడా వచ్చింది, అబద్ధమెందుకు. కానీ నొక్కలేదు.

ఇంకో ఉపాయం తట్టింది ఆ పాపిష్టి బుర్రకి. రైడర్లందరూ ఉండే గ్రూప్‌లో దొంగ పేరుతో చేరి రాశాడు: "రహ్మత్‌ని నీళ్ళలోకి లాగేసింది ఆ తెల్లబట్టల దెయ్యమే. నేను కళ్ళారా చూశాను. చీకటి పడ్డాక అటు పోకండి."

భయపడి వాళ్ళే మానేస్తారు. ప్రాణాలూ దక్కుతాయి, ఉద్యోగమూ దక్కుతుంది. ఆలస్యమంటారా... అది రైడర్ల ఖాతాలో పడుతుంది. ఆ రాత్రి ఫణి హాయిగా భోంచేశాడు.

కొన్నాళ్ళు అంతా అనుకున్నట్టే నడిచింది. ఒకరోజు పొద్దున్న ఆ గ్రూప్‌లో ఒక ఫోటో పడింది. కర్రలు పట్టుకున్న రైడర్లు, హెడ్‌లైట్లు, నల్లటి నీళ్ళు. నీళ్ళ మీద తేలుతూ ఒక తెల్లబట్ట.

"అందరం కలిసి తరిమాం. వెనక్కి వెనక్కి పోయి నీళ్ళలో మాయమైంది. రహ్మత్ పగ తీరింది. అన్నల్లారా, ఇక ఆ దారికి భయం లేదు!"

వాళ్ళకి అది మాయమైన దెయ్యం. మునిగిపోయింది మనిషని ఈ భూమ్మీద తెలిసినవాళ్ళలో ఫణి ఒకడు. బాత్రూంలోకి పరుగెత్తి కక్కుకున్నాడు.

తిరిగొచ్చేసరికి వసుమతి అతని డెస్క్ దగ్గర నవ్వుతూ నిలబడి ఉంది.

"కంగ్రాట్స్ ఫణీ! రైడర్స్ అందరూ మళ్ళీ ఆ బ్రిడ్జ్ మీంచే వెళ్తున్నారు. నీ పేట ఫుల్ గ్రీన్. గ్రీన్ కార్డ్ ఫైలింగ్‌కి కూడా పైవాళ్ళు ఓకే అన్నారు. రా, కాల్‌లో నీతో మాట్లాడతారట."

ఫణి స్క్రీన్ వైపు చూశాడు. ఒక చుక్క సందు మలుపు తిరిగింది. పాడుబడ్డ ఇంటి దగ్గరికొచ్చి... ఆగింది. చాట్‌లో మెసేజ్ వచ్చింది.

"సార్, నేను కొత్త. వంతెన దగ్గర ఇద్దరు నిలబడ్డారు. ఒక ముసలామె. పక్కన ఒకతను, మన కంపెనీ జాకెట్టే సార్... హెల్మెట్ లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇద్దరూ చేతులెత్తి ఆగమంటున్నారు. ఏం చేయమంటారు?"

ఫణి ఆ మెసేజ్‌ని మళ్ళీ చదివాడు.

"ఏంటది?" అంటూ వసుమతి అతని భుజం మీంచి వంగి చూసింది. "ఇంకా దెయ్యాలేనా వీళ్ళకి! రిప్లై ఇచ్చేసి రా, అవతల వెయిట్ చేస్తున్నారు."

వసుమతి చూస్తూనే ఉంది. ఫణి ఒక్కసారి గట్టిగా కళ్ళు మూసుకుని తెరిచాడు.

"అక్కడ ఎవరూ లేరు. పోనీ," అని కొట్టి, ఆవిడ వెనకాలే కాన్ఫరెన్స్ రూమ్‌కి నడిచాడు.