పర్మిట్ ఫారంలో కోడలు

"ఆ వాల్వ్ ముట్టుకోకు!"

ధర్మరాజు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆదిత్యపూర్ గేర్ల ఫ్యాక్టరీలో అసిస్టెంట్ ఫోర్‌మన్‌ని తెలుగులో గదమాయించే ఆడమనిషి ఎవరా అని వెనక్కి తిరిగాడు. ఒక చేతిలో అతని టిఫిన్ క్యారియర్ పట్టుకొని, రెండో చేత్తో మెషీన్ మీది ఎర్ర రేకును చూపిస్తూ ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"ఎవులు నువ్వు? లోపలికెలగొచ్చేవు?"

"దాలమ్మత్త క్యారియరిచ్చి పంపింది. ముందు ఆ రేకు మీదేటుందో సదివేవా?"

"అది ఫ్రెంచి. ఇక్కడెవులికీ రాదు."

"నాకొచ్చు. ప్రెజర్ దిగకుండా ఇప్పితే మూత ఎగిరి మొహమ్మీదికొత్తదని రాసుంది. నీ మొహం ఏటంత గొప్పగా లేకపోయినా, మా అత్తకి ఒక్కడే కొడుకువి గదా!"

ఫిట్టర్లు పగలబడి నవ్వారు. ధర్మరాజు చెవులు ఎర్రబడ్డాయి. ఫ్రాన్సు నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిన ఆ మెషీన్ రెండు నెలలుగా దిష్టిబొమ్మలా నిలబడే ఉంది మరి.

ఆ అమ్మాయి పేరు అమ్మణ్ణి, దేశం మారిషస్. ముత్తాత శ్రీకాకుళం నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కాడు. చుట్టాల్ని చూడాలని మూడు నెలల విజిటర్ వీసా మీద వచ్చి, ఆ ఉదయమే బారిడీహ్‌లో దాలమ్మ ఇంట్లో దిగింది. కాఫీ చల్లారేలోపే దాలమ్మ వేళ్లు మడుస్తూ నాలుగు తరాలు వెనక్కి వెళ్లి, "మా ధర్మానికి మరదలివే!" అని తేల్చేసింది.

నెల తిరిగేసరికి మెషీన్ తిరిగింది. అమ్మణ్ణి ఫ్రెంచి పుస్తకం చదివి తెలుగులో చెప్పేది, ధర్మరాజు బిగించేవాడు. ఇద్దరూ స్క్రూ స్క్రూకీ పోట్లాడుకునేవారు. వానొస్తే మాత్రం ఒకే గొడుగు కింద బస్సు దాకా నడిచేవారు.

మేనేజర్ నీలకంఠం పిలిచాడు. "ఇంకా రెండు ఫ్రెంచి మెషీన్లు వస్తున్నాయమ్మా. రెండేళ్ల ఉద్యోగం ఇస్తాను. వర్క్ పర్మిట్‌కి కంపెనీయే పూచీ."

అమ్మణ్ణి కళ్లలో నీళ్లు తిరిగాయి. మారిషస్‌లో చక్కెర మిల్లులో ఆమె మెషీన్ల పుస్తకాలు టైపు కొట్టేది. మెషీన్ దగ్గరికి మాత్రం ఎవరూ రానిచ్చేవారు కారు.

వీసా ఇంకా పది రోజులుందనగా విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఫైలు ఆగిపోయింది.

"పెళ్లికి వచ్చి ఉద్యోగమని రాస్తారా?" అని అధికారి హిందీలో మండిపడ్డాడు. "ఇక్కడి బంధువుతో సంబంధం అన్నచోట కాబోయే కోడలు అని ఉంది. ఇది పెళ్లి కేసు. పర్మిట్ ఇవ్వను."

అమ్మణ్ణి గిర్రున ధర్మరాజు వైపు తిరిగింది. "నువ్వే రాయించేవు గదా? నా పని చూసి ఇచ్చిన ఉద్యోగం, నీ పెళ్లాంగా తీసుకోవాలా?"

"నాకు తెలీదు, ఒట్టు!"

ఇంటికెళ్లి అడిగితే దాలమ్మ దర్జాగా ఒప్పుకుంది. "ఫారం నింపినప్పుడు ఆ గుమాస్తా నన్ను సంబంధమేటని అడిగేడు. మరదలంటే కోడలు కాదేట్రా?"

"అమ్మా, ఛోడో నా, ఒగ్గెయ్! ఆ పిల్ల ఉద్యోగం పోతంది!"

మర్నాడు వానలో తడుస్తూ అమ్మణ్ణి, ధర్మరాజు, నీలకంఠం ఆఫీసుకెళ్లారు. నీలకంఠం ఫ్రెంచి పుస్తకం బల్ల మీద పెట్టి, "మీకు నచ్చిన పేజీ తియ్యండి సార్," అన్నాడు. అమ్మణ్ణి చదివింది, ధర్మరాజు హిందీలో చెప్పాడు. బొమ్మలో ఒక్కో భాగాన్నీ ఆమె వేలు గురి తప్పకుండా చూపించింది.

అధికారి మెత్తబడ్డాడు. "బాగుంది. మరి పెళ్లి సంగతి?"

"మాలో వరస కుదిరితే చాలు, పెద్దోళ్లు కోడలనేస్తారు సాబ్. మా ఇద్దరికీ పెళ్లి మాటే లేదు," అన్నాడు ధర్మరాజు.

"స్టాంపు కాగితం మీద రాసిస్తావా?"

ధర్మరాజు పెన్ను తీశాడు. తీశాడే గాని, అది ముందుకు కదల్లేదు. అమ్మణ్ణి ఆ వేళ్లనే చూస్తోంది. అతను కళ్లు మూసుకుని సంతకం గీకేశాడు.

"నీ సేత్తో నువ్వే నా కోడల్ని కాదనుకొచ్చేవు!" అని దాలమ్మ రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు.

తొమ్మిదో రోజు అప్పటి రాష్ట్ర రాజధాని పాట్నా నుంచి పర్మిట్ మంజూరు వచ్చింది. ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ అంతా చప్పట్లు. అమ్మణ్ణి ఆ కాగితం పట్టుకొని తిన్నగా ధర్మరాజు ముందుకొచ్చి నిలబడింది.

"ఇందులో ఏ వరసా లేదు బావా. నా పేరూ, నా పనీ, అంతే."

"సంతోషం."

"ఏడుపు మొహమెట్టి సంతోషమేటి? ఇప్పుడు నా ఉద్యోగం నాది, నీ చుట్టరికం పూచీ మీద నేనిక్కడ లేను. అందుకే అడుగుతన్నాను. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

ధర్మరాజు చేతిలోని రెంచి కింద పడింది. "ఆ... ఆ మాటే లేదని స్టాంపు కాగితం మీద రాసిచ్చేను గదే!"

"ఆ రోజుకి లేదని రాసేవు. ఇయ్యాల మాటేటి?"

"ఇయ్యాలా... నిన్నా, మొన్నా, క్యారియర్ తెచ్చిన రోజు నుంచీ అదే మాట!"

ఫిట్టర్ల ఈలలతో రేకుల కప్పు అదిరింది. ధర్మరాజు నీలకంఠం గదిలోకి దూసుకెళ్లి, "సార్, ఒక పూట సెలవు! అమ్మకి చెప్పాల!" అన్నాడు.

"ఇద్దరూ వెళ్లండయ్యా."

"నాకొద్దు సార్," అంది గుమ్మంలోంచి అమ్మణ్ణి. "పర్మిట్టొచ్చిన మొదటి రోజే పని మానితే ఏటి బాగుంటాది? ఆయన్నెళ్లమనండి."

ఆమె మెషీన్ స్టార్ట్ చేసింది. ధర్మరాజు గొడుగు మరిచిపోయి, జోరువానలో బారిడీహ్ బస్సు వెంట పరుగెత్తాడు.