తిరుపతమ్మ అడిగిన ప్రమాణం

"ఈ సాయంత్రం నందికొట్కూరు సభలో రైతుకూలీల నాయకుడు దాసన్నను చంపబోతున్నారు. ఆపాలి. మనకు వార్తలిచ్చే తిరుపతమ్మను కూడా పని కాగానే అరెస్టు చెయ్యి."

1955. కర్నూలులో సర్కారు గుడారాల్లో నడుస్తున్న రోజులు. చీఫ్ బ్రీఫింగ్ అంతే. సీక్రెట్ ఏజెంట్ అయ్యన్న గాజులమ్మేవాడి వేషంలో గాజుల మలారం భుజాన వేసుకుని తిరుపతమ్మ బస చేసిన లాడ్జికి వెళ్ళాడు. మలారం అడుగున కెమెరా, పిస్తోలు.

సభల్లో పాటలు పాడే తిరుపతమ్మ ఒకే పార్టీ ఏలే ఒక విదేశానికి ఏజెంటు. మూడు నెలలుగా డబుల్ ఏజెంటు. జార్జెట్ చీర, చలువ కళ్ళద్దాలు.

"ఆకుపచ్చ గాజులున్నాయా?"

"మట్టివే ఉన్నాయి."

కోడ్ సరిపోయింది. ఆమె తలుపు వేసింది. అంతా చెబుతానంది, కానీ తనను పట్టియ్యనని కర్పూరం ఆర్పి ప్రమాణం చేయమంది.

"నీకు దేవుడు లేడు గదమ్మా?"

"నీకుండాడు గదప్పా. అది చాలు."

అయ్యన్న అహోబిలం నరసింహస్వామిని తలచుకుని, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పాడు.

"పేదోళ్ళ రాజ్యమని వాళ్ళ పుస్తకాల్లో చదివి పదేండ్లు నమ్మినా. ఇప్పుడు వాళ్ళకు ఢిల్లీ స్నేహం కావాలంట. అందుకని కూలీల సమ్మె ఆపమంటే దాసన్న వినలేదు. నా హార్మోనియంలో ట్రాన్స్‌మిటర్ అని చెప్పి టైంబాంబు పెట్టినారు. ఇప్పుడే తెలిసింది. పెట్టె అప్పుడే సభకు పోయింది. అయిదున్నరకు పేలుతాది."

జీపు దుమ్ము లేపుకుంటూ పరుగెత్తింది. అయ్యన్న వేదిక ఎక్కేసరికి దాసన్న పక్కనే హార్మోనియం ఉంది. వాయించాల్సినవాడు అప్పుడే మెట్లు దిగుతున్నాడు. వెంట వచ్చిన పోలీసులు వాణ్ణి పట్టుకున్నారు. అయ్యన్న స్క్రూడ్రైవరుతో పెట్టె పలక ఊడదీసి వైరు కత్తిరించాడు. ఇంకా మూడు సెకన్లుంది.

లాడ్జికి తిరిగొచ్చిన అయ్యన్న చేతిలో సంకెళ్ళు చూసి తిరుపతమ్మ తిట్టలేదు, ఏడవలేదు.

"చెయ్యి కాలిందా అప్పా?" అని మాత్రం అడిగింది.

అయ్యన్న పిడికిలి విప్పలేకపోయాడు.

దేశం కోసం ఆడిన అబద్ధాన్ని దేవుడు పట్టించుకోడని చీఫ్ ఓదార్చాడు. తిరుపతమ్మను పంపిన దేశంలోనూ ఎవరో ఆఫీసరు, దేవుడి చోట పుస్తకం పేరు పెట్టి, ఇదే మాట అనుంటాడు కదా అని అయ్యన్నకు తోచింది. ఆ పూట ఇంట్లో దీపం ముందు చాలాసేపు కూర్చున్నాడు. చేతులు జోడించబుద్ధి కాలేదు.

నెల తిరక్కుండానే రెండు దేశాలూ స్నేహ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. శత్రువుగా మిగిలింది తిరుపతమ్మ ఒక్కతే.