అల్యూమినియం రాడ్ల జిప్సీ

"ఈ ఇంజన్ గోల ఇంకెంతసేపు?" తనూజ గేటు పట్టుకుని అరిచింది.

ఎదురింటి మేడగదిలో అద్దెకుండే మెకానిక్ నిరంజన్ తన పాత జిప్సీ జీపు బానెట్ మీద చెయ్యేసి తాపీగా నవ్వాడు.

"ఇంజన్ వేడెక్కాల కదేటి! లోపల పిస్టన్లకి తగిలించే కనెక్టింగ్ రాడ్లు అల్యూమినియంవి. సల్లగా ఉన్నప్పుడు తొక్కేత్తే బేరింగులు పోతాయి."

"రేసు కార్లకేసే రాడ్లు పలాస రోడ్లకెందుకు?"

"తేలిక కదా! తొక్కితే లేడిపిల్లలా లెగుత్తాది. కోయంబత్తూరు నుంచి తెప్పించాను."

తనూజ టెక్కలిలో బీటెక్ మెకానికల్ మూడో ఏడు. ఊరుకుంటుందా?

"రేసులో నాలుగు రౌండ్లు కొట్టి, ఇంజన్ విప్పి చూసుకుంటారు. నువ్వేమో రోజూ పూండి, సోంపేట తిరుగుతావు. అల్యూమినియం ఉక్కులా ఓర్చుకోదు. చెప్పాపెట్టకుండా విరిగి, ఇంజన్ పగలగొట్టుకుని బయటికొస్తాది. తీసెయ్."

"తియ్యను."

"అయితే ఆ బండి నేనెక్కను."

ఎక్కమని అతను అడగనే లేదు! ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. బస్సు వంక పెట్టుకుని తనూజ పరుగు తీసింది.

2004 వానాకాలమంతా ఇదే తంతు. "తీశావా?" అని ఆమె, "లేదు" అని అతను. ఇంజన్ వేడెక్కేదాకా వాదన. జల్లు పడితే గొడుగు కింద వాదన. చివరికి పక్కింటి బొడ్డమ్మ ఆ కబురు తనూజ తండ్రి త్రినాథరావు మేస్టారి చెవిన వేసింది.

మర్నాడు పొద్దున్నే మేస్టారు గేటు దగ్గరికి వచ్చేశారు.

"ఏటయ్యా, రోజూ మా గుమ్మం ఎదురుగా నిలబడి ఏటి సేత్తన్నావు? పెళ్లీడు పిల్లున్న ఇల్లిది!"

తనూజ అడ్డం వచ్చింది. "నా కోసం కాదు నాన్నా. ఆ ఇంజన్లో అల్యూమినియం రాడ్లున్నాయి. వేడెక్కకుండా కదిలిస్తే పాడవుతాది. అందుకే ఆగుతాడు."

"ఓహో, అంతేనా?" మేస్టారి కోపం సగం దిగిపోయింది. లోపలికి తిరిగారు.

నోరు మూసుకుంటే గండం గడిచిపోతుంది. కానీ నిరంజన్ ఇంజన్ ఆపేశాడు. 

"మేస్టారూ, ఆ రాడ్లు పోయిన వారమే తీసేశాను. రోజూ తిరిగే బండికి అవి పనికిరావని మీ అమ్మాయి సెప్పిందే నిజం. ఇప్పుడున్నవి ఉక్కువి. బండి ఇంతసేపు ఆగక్కర్లేదు. నేనే ఆగుతున్నాను. తనూజంటే నాకిష్టం."

తనూజ గిరుక్కున అతని వైపు తిరిగింది. "తీసేశావా! మరి నిన్న కూడా లేదన్నావే?"

"తీసేశానంటే మర్నాడు గేటు కాడికి వత్తావేటి?"

కోపగించుకోబోయి ఆమె ఫక్కున నవ్వేసింది. మేస్టారు కూతురి వైపు చూశారు.

"నీకూ ఇష్టమేనేటమ్మా?"

"ఇష్టమే నాన్నా. చదువు పూర్తి చేస్తాను, ఉద్యోగం తెచ్చుకుంటాను. పెళ్లి మాత్రం ఇతన్నే చేసుకుంటాను."

కూతురు తల దించుకోకపోవడం మేస్టారికి ఎందుకో నచ్చింది. గేటు గడియ తీసి పక్కకు జరిగారు.

"రోడ్డు మీద పెళ్లి మాటలేటి బాబూ! ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా. లోపల కూసుని మాటాడుకుందాం."