ఇరవై నిమిషాల ముందే బేగంపేట

“మద్రాసు నుంచి బేగంపేటకు డకోటా విమానానికి దాదాపు రెండు గంటలు. శత్రువులు దాన్ని ఇరవై నిమిషాల ముందే దింపాలని చూస్తున్నారు,” అన్నాడు చీఫ్, గొంగళ్ల మూటలో దాచిన వైర్‌లెస్‌లోంచి. “దొంగ రేడియో బీకన్ పెట్టారు. మబ్బుల్లో ఉన్న పైలట్ ఆ సిగ్నల్ నమ్మి, బేగంపేట వచ్చేసిందనుకుని కిందికి దిగుతాడు. కింద ఉండేది రన్‌వే కాదు, దేవరకొండ వైపు గుట్టలు. బీకన్ ఎక్కడ పెట్టారో తెలియదు, కనుక్కుని ఆపు. ఇవాళ్టి విమానంలో మన అణు శాస్త్రవేత్త ఉన్నాడు. ఓవర్.”

1964 ఆగస్టు. ఏజెంట్ దశరథం గొంగళ్ల వ్యాపారి వేషంలో ఆ గుట్టల చుట్టుపక్కల ఊళ్లు తిరగబట్టి నాలుగు నెలలైంది. తిన్నావా అని అడిగే దిక్కు లేదు. అసలు పేరుతో పిలిచేది అండాలు ఒక్కతే. ఆమె నాటకాల కంపెనీ హీరోయిన్. శత్రువుల ముఠాలో ఉంటూనే మనకు రహస్యాలు అందించే డబుల్ ఏజెంట్. ఆమె నవ్విందంటే దశరథానికి డ్యూటీ సగం మరుపొచ్చేది.

బీకన్ సంగతి అడగ్గానే ఆమె తడుముకోకుండా చెప్పింది.

“ఆత్మకూర్ల పెట్టిన్రు దశరథం. బస్సెక్కి జల్ది పో. జర పైలం.”

బస్సు కోసం పరుగెత్తుతుంటే గొర్లకాపరి బీరన్న ఎదురయ్యాడు, ఎవరినో తిట్టుకుంటూ.

“ఏమైంది బీరన్నా?”

“గా గుట్ట మీద ఎవడో కొత్తోడు మూడు దినాల సంది మంద పెట్టిండు సేటూ. ఉత్త బండ మీద! చేన్ల పెడితే ఎరువైతది, రైతు గింజలిస్తడు. బండ మీద పెడితే ఏమొస్తది? గిట్లాంటోడు గొర్లెట్ల కాస్తాండో!”

దశరథం కాళ్లు ఆగిపోయాయి. ఆ మంద ఎరువుకు కాదు, బీకన్ మరుగుకు! అంటే అండాలు అబద్ధం చెప్పింది. మనసు ఒప్పుకోలేదు గానీ, కాళ్లు గుట్టవైపు తిరిగాయి.

“నువ్వు ఠాణాకు ఉరుకు బీరన్నా! పోలీసులను గుట్ట మీదికి తోలుకరా!”

గుట్ట మీద ఆ కొత్త కాపరిని ఒకే ఒక్క కరాటే దెబ్బతో పడగొట్టాడు. గొర్రెల నడుమ యాంటెన్నా. దాని పక్కన అండాలు. చేతిలో పిస్టల్.

“బస్సెక్కలేదా?”

“నన్నెందుకు దూరం పంపాలనుకున్నవ్?”

“నువ్వు అడ్డమొస్తే కాల్చమన్నరు. నిన్ను కాల్చుడు నాతోని కాదు.”

అందులో అబద్ధం లేదు. దశరథానికి అదే ఎక్కువ బాధేసింది.

మబ్బుల్లో ఇంజన్ల మోత కిందికి దిగుతోంది. అతను పిస్టల్‌కు ఎదురు నడిచి, బ్యాటరీ వైర్లు పీకేశాడు. ఆమె కాల్చలేదు. మబ్బు చీల్చుకుని విమానం పొట్ట కనిపించింది, గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. సిగ్నల్ తెగడంతో పైలట్‌కు అనుమానం వచ్చింది. విమానం చివరి క్షణంలో ముక్కు పైకెత్తి గుట్టను దాటేసింది.

బీరన్న వెంట పోలీసులొచ్చి అండాలును తీసుకెళ్లారు. ఆమె వెనుదిరిగి చూడలేదు. కాసేపటికి వైర్‌లెస్ పలికింది.

“విమానం క్షేమంగా దిగింది. మన శాస్త్రవేత్తకు ఏమీ తెలియదు, దారంతా నిద్రే. కాకపోతే పది నిమిషాలు లేటైందని కంప్లైంట్ ఇచ్చాడు. ఓవర్.”

దశరథానికి నవ్వొచ్చింది. ఎవరికైనా చెప్పి నవ్వుకుందామని పక్కకు తిరిగాడు. చెప్పుకోవడానికి ఉన్న ఒక్క మనిషినీ ఇప్పుడే అరెస్టు చేయించి పంపాడు.